వెండి బిళ్ళలు నల్లబడుతున్నాయి, మావి అసలువేనా? (ఆకివీడు దగ్గర ఇల్లు, చుట్టూ చెరువులు)

ఉప్పుటేరు_కోడలు | ఆగస్టు 11, రాత్రి 9.20

అందరికీ నమస్కారమండి. వరలక్ష్మీ వ్రతం దగ్గరకొచ్చింది కదా అని నిన్న స్టోరు గదిలో బీరువా సర్దబోతే గుండె గుభేలుమంది.

మా అన్నయ్య కెనడాలో ఉంటాడు. వచ్చిన ప్రతిసారీ మేపుల్ లీఫ్ అని అక్కడి టంకశాల వేసే వెండి బిళ్ళలు ఒకటో రెండో నా చేతిలో పెట్టి వెళ్తాడు. అలా పన్నెండు పోగయ్యాయి. ఒక్కోటి ఔన్సు, 31.1 గ్రాములు, నాలుగు తొమ్మిదుల (99.99 శాతం) వెండి అని దాని మీదే రాసుంటుంది. ఇవి కాక మా అమ్మమ్మ ఇచ్చిన పాత రూపాయి బిళ్ళలు తొమ్మిది.

ఇప్పుడు వాటి పరిస్థితి చెప్తాను. మేపుల్ లీఫుల్లో ఆరింటికి అంచుల నుంచి పసుపు, ఆపైన ఇటుక రంగు పాకింది. అందులో రెండైతే నెమలికంఠం రంగు. ఒకదాని మీద అడ్డంగా ఎవరో గీత గీసినట్టు నల్లచార. ఇంకో మూడింటి మీద సున్నం చుక్కలు చిలకరించినట్టు తెల్లమచ్చలు. మిగిలిన మూడూ, అమ్మమ్మ రూపాయలూ కలిపి ఒక మెత్తటి ప్లాస్టిక్ కవర్లో ఉంచాను. అవి చేతికి జిగురుగా తగులుతున్నాయి. రూపాయల మీద పచ్చ కిలుం కూడా ఉంది.

మా అత్తగారు చూసి, "అసలు వెండి అయితే ఇలా అవుతుందా? మీ అన్నయ్యని ఎవరో మోసం చేశారే" అన్నారు. అనడంతో ఆగలేదు. తెల్లమచ్చల బిళ్ళ ఒకటి తీసుకుని చింతపండు, విభూది వేసి బరబరా తోమేశారు. మచ్చలు పోలేదు గానీ బిళ్ళ మీదున్న రాణిగారి బుగ్గ మీద గీతలు పడ్డాయి.

ఇవి అసలువేనా? బరువు తగ్గిపోయి ఉంటుందా? ఏం చెయ్యాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

గట్టుమీద | ఆగస్టు 11, రాత్రి 9.34

నెమలికంఠం రంగు ఊరికే వచ్చిందంటే బాధపడతారేంటండీ? ఆ రంగు పట్టుచీర ధర ఎంతో ఒకసారి కనుక్కోండి.

కొలిమి | ఆగస్టు 11, రాత్రి 10.05

అమ్మా, ముందు అత్తయ్యగారి చేతిలోంచి విభూది లాగేయండి. మిగతావి తర్వాత చూద్దాం.

పాలకొల్లులో మా నాన్నగారి కాలం నుంచి వెండి పనే మాది. నల్లబడింది కాబట్టి వెండి కాదు అనేది తలకిందుల మాట. నల్లబడటం వెండి పుట్టుకలోనే ఉంది. జర్మన్ సిల్వర్ అంటారే, అందులో పేరుకి తప్ప వెండి ఉండదు, రాగి, నికెల్, జింకు కలిపిన లోహం అది. అది మకిలి పడుతుంది గానీ మీరు చెప్పే ఈ రంగుల వరస దానికి మామూలుగా రాదు.

కరిగించేవాడికి నలుపుతో పనే లేదు. మూసలో పడ్డాక ఆ నలుపు ఎటు పోతుందో కూడా కనిపించదు. "నల్లబడింది కాబట్టి తరుగు తీస్తాను" అని ఏ కొట్లోనైనా అంటే బిళ్ళ జేబులో వేసుకుని గమ్మున బయటికొచ్చేయండి.

అనుమానం తీరాలంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. మేపుల్ లీఫు అడ్డకొలత 38 మిల్లీమీటర్లు. అయస్కాంతానికి అంటుకోకూడదు. చిన్న డిజిటల్ కాటా ఉంటే దాని మీద నీళ్ళ గ్లాసు పెట్టి, కాటా సున్నా చేసి, బిళ్ళని దారానికి కట్టి గ్లాసు అడుగుకి గానీ గోడకి గానీ తగలకుండా ముంచండి. కాటా మూడు గ్రాములకి కాస్త తక్కువగా, అంటే 2.96 దగ్గర చూపించాలి. సీసం కలిపినా, ఇత్తడి కలిపినా ఆ అంకె రాదు.

మాజీ_మేస్టారు | ఆగస్టు 12, ఉదయం 5.50

కొలిమి గారు చెప్పిన కాటా పద్ధతి బంగారంలాంటిది. ఆర్కిమెడీస్ పాఠం ముప్పై ఏళ్ళు చెప్పాను, ఇంత సులువుగా నేను కూడా చెప్పలేదు. వెండి సాంద్రత 10.49 కాబట్టి ఆ లెక్క.

అమ్మాయ్, నీ దగ్గర ఉన్నది ఒక జబ్బు కాదు, మూడు. మందు మూడింటికీ వేరు. అత్తగారు రెండో జబ్బుకి మొదటిదాని మందు వేశారు, అదీ మోటు మందు.

మొదట రంగుల సంగతి. చాలామంది దీన్ని తుప్పు అనుకుంటారు, గాలిలో ఆక్సిజన్ పని అనుకుంటారు. కాదు. గాలిలో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్, అదే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వాయువు, తేమ తోడు చేసుకుని వెండి మీద వెండి సల్ఫైడ్ పొర కడుతుంది. వంద కోట్ల పాళ్ళలో ఒకటి రెండు పాళ్ళున్నా చాలు, నెలల మీద పని కానిచ్చేస్తుంది. ఆ పొర మొదట్లో ఎంత పల్చగా ఉంటుందంటే దానికి సొంత రంగంటూ కనిపించదు. వానాకాలం రోడ్డు మీద నీళ్ళలో డీజిల్ చుక్క పడితే ఇంద్రధనుస్సు పరుచుకుంటుంది చూడు, అదే ఇక్కడా. పొర పైనుంచి తిరిగొచ్చే వెలుగూ, కిందనుంచి తిరిగొచ్చే వెలుగూ కలిసి కొన్ని రంగుల్ని కొట్టేస్తాయి. పొర పెరిగేకొద్దీ లేత పసుపు, తర్వాత రాగి రంగు, ఊదా, ఆ తర్వాత నీలం. బాగా మందమైతేనే నలుపు. కాబట్టి నీ నెమలికంఠం బిళ్ళ సగం దారిలో ఉందన్నమాట.

బరువు అడిగావు. 38 మిల్లీమీటర్ల బిళ్ళ రెండు ముఖాలూ, అంచూ కలిపి 27 చదరపు సెంటీమీటర్లు వేసుకో. పొర మందం 50 నానోమీటర్లు అనుకో. ఆ పొర మొత్తం బరువు ఒక మిల్లీగ్రాము. అందులో వెండి 0.87 వంతు. గ్రాము రెండొందల చొప్పున లెక్కేస్తే ఇరవై పైసలు లేదు. విభూది అంతకంటే ఎక్కువే తినేసి ఉంటుంది.

మిగతావి సాయంత్రం. కొబ్బరి దింపులవాడు వచ్చాడు.

పాతబిళ్ళ | ఆగస్టు 12, ఉదయం 8.15

రాజమండ్రి నుంచి. కెనడా బిళ్ళల సంగతి మీరు చూసుకోండి. అమ్మమ్మగారి రూపాయల మీద మాత్రం ఎవరూ చెయ్యి వెయ్యకండి, దణ్ణం పెడతాను.

వాటి మీద ఎవరి బొమ్మ ఉంది, ఏ సంవత్సరం, రాయండి. 1835 నాటి ఈస్టిండియా కంపెనీ రూపాయి నుంచి 1939 దాకా తోలా బరువు, 11.66 గ్రాములు, పన్నెండింట పదకొండు వంతులు వెండి. మిగతా వంతు రాగి. 1940 నుంచి వెండి సగానికి దించేశారు. 1947కి నికెల్ రూపాయి వచ్చేసింది, అందులో వెండే లేదు. అన్నీ ఒకే కవర్లో ఉన్నాయంటే అవీ ఇవీ కలిసిపోయి ఉండొచ్చు.

విక్టోరియా 1862 అని ఉంటే తేదీ దగ్గర భూతద్దం పెట్టి చుక్కలు లెక్కపెట్టండి. ఆ తేదీ మార్చకుండానే తర్వాతి సంవత్సరాల్లోనూ ముద్రించారు, ఏ ముద్ర ఎప్పటిదో ఆ చుక్కలే చెప్తాయి. చింతపండు పెట్టి తోమితే చుక్కలు అరిగిపోవచ్చు, చుక్కలతో ధరా పోతుంది.

ఉప్పుటేరు_కోడలు | ఆగస్టు 12, మధ్యాహ్నం 1.40

కాటా పరీక్ష చేశాను. మా ఆయన కొలతల కాటా మీద 2.96, 2.97 మధ్య ఆడింది, నాలుగు బిళ్ళలకి చేశాను. అత్తగారిని పక్కన కూర్చోబెట్టి మరీ చేశాను. "సరే, మీ అన్న మంచోడే" అన్నారు.

రూపాయలు: ఆరు అయిదో జార్జివి, 1911 ఒకటి, 1918 మూడు, మిగతావి అరిగిపోయి కనిపించడం లేదు. రెండు 1944. ఒకటి విక్టోరియా 1862, చుక్కలు రెండో మూడో, కిలుం అడ్డొస్తోంది.

పాతబిళ్ళ | ఆగస్టు 12, మధ్యాహ్నం 1.52

1911 ఉందా! అది పంది రూపాయి అండి. రాజుగారి అంగీ మీద గొలుసుకి ఏనుగు బొమ్మ చెక్కారు, తొండం పొట్టిగా వచ్చేసరికి జనం పంది అన్నారు, పెద్ద గోలైంది. మరుసటేడు ఏనుగుని సరిచేసి కొత్త అచ్చు వేశారు. మీ బిళ్ళ మీద ఆ జంతువు ఇంకా కనిపిస్తోందా?

గట్టుమీద | ఆగస్టు 12, మధ్యాహ్నం 2.03

అత్తయ్యగారి చేతికి దొరక్కుండా పందిని కాపాడండి.

పంపుషెడ్డు | ఆగస్టు 12, రాత్రి 8.30

ఆయ్, నమస్తే అండి. నాది ఉండి పక్కన, వెనామీ రొయ్య. కోడలుగారూ, మీ ఇంటికి చెరువు ఎంత దూరం? పడమర వైపా, తూర్పు వైపా? ఈ మధ్య పట్టుబడి చేసి, అంటే రొయ్యలన్నీ పట్టేసి, నీళ్ళు తీసేశారా?

అడగడం ఎందుకంటే, చెరువులో నీళ్ళున్నంత కాలం అడుగు వాసన పైకి రాదు. పట్టుబడి అయ్యాక నీళ్ళు వదిలేసి అడుగు ఎండబెడతాం చూడండి, ఆ నల్లమట్టి గాలికి తెరుచుకున్న వారం పది రోజులు ముక్కు మూసుకోవాల్సిందే. మేత మిగులు, పెంట అంతా గాలి ఆడక అడుగున కుళ్ళితే పుట్టేది మేస్టారు చెప్పిన గ్యాసే. మా రొయ్యకి అది విషం. దానికోసమే ఏరియేటర్లు, ప్రోబయాటిక్కులు అంటూ వేలు పోస్తాం.

ఉప్పుటేరు_కోడలు | ఆగస్టు 12, రాత్రి 9.05

పడమర వైపే అండి, ప్రహరీ అవతల ముప్పై గజాలు ఉంటుందేమో. రెండు చెరువులు. మే నెలాఖరులో పట్టుబడి చేశారు. స్టోరు గది కిటికీ అటే. గాలి కోసం ఎప్పుడూ తీసే ఉంటుంది!

సంక్రాంతికి బీరువా తీసినప్పుడు బిళ్ళలు తెల్లగానే ఉన్నాయి. ఇప్పుడు తల్చుకుంటే తెలుస్తోంది.

కొబ్బరిపీచు | ఆగస్టు 12, రాత్రి 9.22

మా అంబాజీపేట వైపు కొబ్బరి డొక్కలు నానబెట్టే గుంటల పక్క ఇళ్ళలో కూడా అంతే. పట్టీలు మూడు నెలలకోసారి కుంకుడుకాయ రసంలో వేయాల్సిందే. బయటి ఊరి నుంచి వచ్చిన కోడళ్ళు మొదట్లో మీలాగే కంగారు పడతారు.

మాజీ_మేస్టారు | ఆగస్టు 12, రాత్రి 9.40

పంపుషెడ్డు గారు అసలు దొంగని పట్టేశారు. అయితే ఇంట్లో దొంగలు కూడా ఉంటారు. అమ్మాయ్, ఆ బీరువాలో ఇంకేమేం ఉన్నాయో ఉన్నది ఉన్నట్టు చెప్పు.

ఉప్పుటేరు_కోడలు | ఆగస్టు 12, రాత్రి 10.15

నవ్వకూడదు. పాత పేపర్లు పరిచి ఉన్నాయి. నగల కొట్లో ఇచ్చిన ముఖమల్ డబ్బాలు. శాలువాలు. కట్టలుగా రబ్బరు బ్యాండ్లు. పక్కనే ఆవకాయ జాడీలు, వెల్లుల్లి గంప. పై అరలో ఇంగువ డబ్బా, అది పిల్లలకి అందకుండా అత్తగారు పెట్టారు.

మాజీ_మేస్టారు | ఆగస్టు 12, రాత్రి 10.31

గంధకానికి సత్రం కట్టావు తల్లీ.

రబ్బరు గట్టిపడటానికి అందులో గంధకం కలుపుతారు, బ్యాండు అది వదులుతూనే ఉంటుంది. నీ బిళ్ళ మీద అడ్డచార ఎలా వచ్చిందో ఇప్పుడు అర్థమైందా? డబ్బాకి చుట్టి ఉంటావు. ఉన్ని శాలువాలో గంధకం ఉంది, వెంట్రుకల్లో ఉన్నట్టే. వెల్లుల్లి, ఇంగువ, ఆవపిండి ఘాటంతా గంధకం సమ్మేళనాలే. చవక కాగితం, అట్ట కూడా కొంత వదులుతాయి. వీటిలో ఏ ఒక్కటైనా తలుపు మూసిన బీరువాలో చెరువు గాలికంటే దగ్గరి చుట్టం.

ఇక రెండో జబ్బు. ఆ తెల్లమచ్చల్ని నాణేల వాళ్ళు పాలమచ్చలు అంటారు. అవి నీ ఇంట్లో పుట్టినవి కావు, టంకశాల నుంచే వచ్చాయి. ముద్ర కొట్టే ముందు ఖాళీ బిళ్ళల్ని కడిగి, మెత్తబడటానికి కొలిమిలో వేడిచేస్తారు. కడిగిన మందు పూర్తిగా పోకపోతే ఆ వేడికి లోహంలో పాతుకుపోతుంది. బిళ్ళ కొత్తలో కనిపించదు, నెలలకో ఏళ్ళకో తెల్లగా తేలుతుంది. స్వచ్ఛమైన వెండి బిళ్ళలకే ఈ బెడద ఎక్కువ, మేపుల్ లీఫ్‌కి మరీ చెడ్డపేరు. అందుకే కెనడా టంకశాల 2018 నుంచి మింట్‌షీల్డ్ అని బిళ్ళ పైభాగాన్ని కాపాడే పద్ధతి తెచ్చింది. నీ మచ్చల బిళ్ళల మీద ఏ సంవత్సరాలున్నాయో చూడు. ఇంకో మాట, ఆ పద్ధతి పాలమచ్చలకే. చెరువు గాలికి దానితో పనిలేదు.

మచ్చ పోదు. చింతపండుకి పోదు, సోడాకి పోదు. వదిలెయ్.

ఉప్పుటేరు_కోడలు | ఆగస్టు 12, రాత్రి 10.38

2013, 2015, 2015!

కొలిమి | ఆగస్టు 13, ఉదయం 10.20

మేస్టారూ, మీ మాట కాదనను. కానీ వదిలెయ్ అంటే ఎలా? నా కౌంటర్ మీద తెల్లబిళ్ళా, ఇటుకరంగు బిళ్ళా పక్కపక్కన పెడితే వచ్చిన ప్రతి ఆడపడుచూ తెల్లదే తీసుకుంటుంది. మాకు ముంచుడు ద్రావకం దొరుకుతుంది. పది సెకన్లు ముంచి, రెండు నీళ్ళు కడిగి, రంపపు పొట్టులో ఆరబెడితే పుట్టినప్పటి రంగు. కోడలుగారు ఈ పక్కకి వస్తే ఊరికే చేసిస్తాను.

పాతబిళ్ళ | ఆగస్టు 13, ఉదయం 10.44

వద్దండీ బాబూ! ఆ ద్రావకం ఆమ్లం, థయోయూరియా కలిపింది. నలుపుతో పాటు పైన ఉన్న వెండిని కూడా తీసుకుపోతుంది. కొత్త బిళ్ళని అటూ ఇటూ తిప్పితే వెలుగు చక్రంలా తిరుగుతుంది చూడండి, అచ్చు ఒత్తిడికి లోహం పారిన సన్నటి గీతల వల్ల వచ్చే మెరుపు అది. రెండు మూడు సార్లు ముంచితే ఆ గీతలు కరిగిపోతాయి. తర్వాత తెల్లగానే ఉంటుంది, కానీ సున్నం కొట్టిన గోడ తెలుపు. సేకరించేవాడు దూరం నుంచే పసిగడతాడు.

కొలిమి | ఆగస్టు 13, ఉదయం 10.58

సేకరించేవాళ్ళు జిల్లాకి ఎంతమంది సార్? కొనేవాళ్ళు వీధికి నలుగురు.

పాతబిళ్ళ | ఆగస్టు 13, ఉదయం 11.10

మేపుల్ లీఫుల సంగతిలో మీరన్నది ఒప్పుకుంటాను. అవి తూకానికి అమ్ముడుపోయేవే, ఏ రంగుదైనా వెండి ధరే. కాబట్టి ముంచినా లాభం లేదు, ముంచకపోయినా నష్టం లేదు. 1862కి మాత్రం మీ ద్రావకం చూపించొద్దు.

కొలిమి | ఆగస్టు 13, ఉదయం 11.14

దానికి నేనూ ముంచనులెండి. పాత సొమ్ము నలుపు ఉంటేనే అందం, బొమ్మ పైకి లేస్తుంది. ఆ మాత్రం మాకూ తెలుసు.

పసుపుకొమ్ము | ఆగస్టు 13, సాయంత్రం 4.00

అల్యూమినియం ఫాయిల్, వంటసోడా, వేడినీళ్ళు. అయిదు నిమిషాల్లో తెల్లబడతాయి. వీడియోల్లో చూశాను. ఇంత చర్చ ఎందుకో.

మాజీ_మేస్టారు | ఆగస్టు 13, సాయంత్రం 5.25

పనిచేస్తుందమ్మా, గారడీ కాదు. గిన్నెలో రేకు పరిచి, దానికి తగిలేట్టు వెండి పెట్టి, మరిగే నీళ్ళలో సోడా, చిటికెడు ఉప్పు వేసి పోస్తే అది చిన్న బ్యాటరీ అవుతుంది. అల్యూమినియం తాను కరిగి ఎలక్ట్రాన్లు ఇస్తుంది, వెండి సల్ఫైడ్ తిరిగి వెండి అవుతుంది. గంధకం కుళ్ళిన గుడ్ల వాసనగా బయటికి పోతుంది. వెండి ఎక్కడికీ పోదు, అదే ద్రావకం కంటే దీనికున్న మంచి గుణం.

కానీ తిరిగొచ్చిన వెండి అద్దంలా పరుచుకోదు, రేణువులుగా కూర్చుంటుంది. అందుకని మెరుపు చచ్చినట్టు ఉంటుంది. గిన్నెలకీ కుందులకీ భేషుగ్గా సరిపోతుంది. చూడాలని ఉంటే అత్తగారు తోమిన ఆ బిళ్ళ మీదే చూడు, దానికి ఇక పోయేది ఏమీ లేదు.

ఉప్పుటేరు_కోడలు | ఆగస్టు 14, ఉదయం 11.30

తోమిన బిళ్ళకి నలుపే లేదు కదండి, అందుకని ఇటుకరంగు బిళ్ళ ఒకటి త్యాగం చేశాను. నీళ్ళు పోసిన వెంటనే గుప్పుమని వాసన, మా పిల్లాడు "అమ్మా చెరువు ఎండగట్టారా" అన్నాడు. రెండు నిమిషాల్లో తెల్లబడింది. రేకు మీద నల్లచారలు పడ్డాయి.

మేస్టారు చెప్పిందీ నిజమే. పక్కన మచ్చలేని బిళ్ళ పెట్టి చూస్తే ఇది కడిగిన స్టీలు పళ్ళెంలా ఉంది. మిగిలినవి చెయ్యను.

జిగురు సంగతి ఎవరూ చెప్పలేదు.

మాజీ_మేస్టారు | ఆగస్టు 14, మధ్యాహ్నం 12.10

మర్చిపోయాను, క్షమించు. అది మూడో జబ్బు, ముందు చూడాల్సింది కూడా అదే. రంగు ఆగుతుంది, పాలమచ్చ ఆగుతుంది, ఇది ఆగదు, లోహాన్ని తింటుంది.

మెత్తటి, వంగే, కొత్త చెప్పుల వాసన వేసే ప్లాస్టిక్ పీవీసీ. మెత్తదనం కోసం కలిపిన నూనె మెల్లగా కారి బిళ్ళకి అంటుకుంటుంది. ప్లాస్టిక్ పాడవుతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా వదులుతుంది. అది రూపాయిలోని రాగిని పట్టుకుంటే పచ్చ కిలుం. కెనడా బిళ్ళలో రాగి లేదు కాబట్టి పచ్చదనం రాలేదు, జిగురు మాత్రమే మిగిలింది. ఒకే కవర్లో రెండు రకాలు పెట్టి నాకు మంచి ప్రయోగం చేసి చూపించావు.

మందు అసిటోన్. రసాయనాలు అమ్మే కొట్లో స్వచ్ఛమైనది అడుగు, గోళ్ళ రంగు తుడిచేది కాదు, అందులో సువాసనలూ నూనెలూ కలుపుతారు. స్టీలు గిన్నెలో గానీ గాజు గిన్నెలో గానీ పోసి బిళ్ళలు మునగనిచ్చి మూత పెట్టు. ప్లాస్టిక్ గిన్నె కరిగిపోవచ్చు. పావుగంటాగి తీసి, కొత్త అసిటోన్‌లో ఇంకోసారి ముంచి, తుడవకుండా మెత్తటి గుడ్డ మీద ఆరబెట్టు. అది వెండినీ, రాగినీ, పాత రంగునీ ఏమీ చేయదు, జిగురుని మాత్రం కరిగిస్తుంది. పొయ్యి, దీపం, అగరుబత్తి దరిదాపుల్లో ఉండకూడదు, పెట్రోలులా అంటుకుంటుంది. వ్రతం హడావిడిలో అసలు వద్దు.

పాతబిళ్ళ | ఆగస్టు 14, మధ్యాహ్నం 12.25

దీనికి నాకే అభ్యంతరమూ లేదు. 1862 కూడా ముంచండి. పచ్చ పోయాక ఇంకా గట్టి కిలుం ఉంటే గోకకండి, అలాగే ఫోటో పెట్టండి.

కంట్రోల్‌రూం | ఆగస్టు 14, రాత్రి 7.45

కాకినాడ నుంచి, ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ని. ఈ చర్చ చూస్తుంటే మా డ్యూటీ గుర్తొస్తోంది. కంప్యూటర్లు, కంట్రోల్ కార్డులు ఉండే గదుల్లో గాలి మంచిదో కాదో చూడటానికి మేం ఏం వేలాడదీస్తామో తెలుసా? ఒక రాగి రేకు, ఒక వెండి రేకు. 30 రోజులు ఉంచి ల్యాబుకి పంపితే ఎంత మందం పొర కట్టిందో చెప్తారు. వెండి మీద నెలకి 200 ఆంగ్‌స్ట్రాములు దాటకపోతే గది బాగున్నట్టు. అంటే 20 నానోమీటర్లు. దాటితే కార్డుల మీద సన్నటి తీగలు కొరుక్కుపోతాయి.

కోడలుగారు పాత పట్టీ తెగిన ముక్కలు నాలుగు తీసుకుని, ఒకేలా తెల్లగా తోమి, తలో చోట పెడితే నెలరోజుల్లో ఏ గది ఎంతో కళ్ళతోనే తెలిసిపోతుంది. ల్యాబు అక్కర్లేదు.

పంపుషెడ్డు | ఆగస్టు 14, రాత్రి 8.02

నాకూ ఒక ముక్క ఇప్పించండి, మా షెడ్డులో కడతాను. మా ఇంట్లో పట్టీ అడిగితే తంతారు.

ఉప్పుటేరు_కోడలు | ఆగస్టు 15, మధ్యాహ్నం 3.10

మా ఆయన ఉండి వైపు వెళ్తున్నారు, ముక్క పంపిస్తాను. నావి మూడు చోట్ల పెట్టాను: స్టోరు బీరువాలో, ముందు గది అల్మరాలో, ఇంకోటి గట్టి మూతున్న డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో.

ఇంగువ డబ్బా వంటింట్లోకి వెళ్ళింది. అత్తగారు కర్పూరం బిళ్ళలు తెచ్చి "వెండి పెట్టెలో ఇవి వేస్తారు" అంటున్నారు. వెయ్యొచ్చా?

మాజీ_మేస్టారు | ఆగస్టు 15, సాయంత్రం 6.00

మా అమ్మ కూడా వేసేది. పురుగుకి మంచిదే, గంధకాన్ని మాత్రం పట్టదు. పైగా కర్పూరం ఆవిరై బిళ్ళ మీద పలచటి పొగలా పడుతుంది. సుద్దముక్క వేసుకోండి, కాస్త తేమ పీలుస్తుంది. అంతకు మించి దాని మీద ఆశపడొద్దు.

నిజంగా పనిచేసేది గాలిని ఆపడం. ఒక్కో బిళ్ళకి గట్టి ప్లాస్టిక్ గుండ్రటి డబ్బా, క్యాప్సూల్ అంటారు, 38 మిల్లీమీటర్ల కొలతకి సరిగ్గా సరిపోయేది. లోపల నురుగు రింగు ఉన్నవి తీసుకోకు, ఆ నురుగే మళ్ళీ మచ్చ పెడుతుంది. క్యాప్సూళ్ళన్నీ రబ్బరు లేని గట్టి డబ్బాలో పెట్టి, వెండి నల్లబడకుండా అమ్మే కాగితం పట్టీ ఒకటి వెయ్యి. అందులో బొగ్గో, రాగో ఉంటుంది, వెండికంటే ముందు అది గంధకాన్ని తినేస్తుంది. ఏడాదికోసారి మార్చు. సిలికా జెల్ రంగు మారితే పెనం మీద వేడిచేసి మళ్ళీ వాడుకో. బిళ్ళని ఎప్పుడూ అంచు పట్టుకునే తియ్యి. వేలిముద్ర ఇవాళ కనిపించదు, వచ్చే సంక్రాంతికి కనిపిస్తుంది.

గట్టుమీద | ఆగస్టు 15, సాయంత్రం 6.20

మరి వ్రతంలో కలశం ముందు పెట్టి పసుపు, కుంకుమ, అక్షింతలు, పంచామృతం అన్నీ వేస్తారు కదండీ. క్యాప్సూల్‌తో సహా పూజ చెయ్యాలా?

ఉప్పుటేరు_కోడలు | ఆగస్టు 15, సాయంత్రం 6.41

తోమేసిన బిళ్ళే పెడతాను. దానికి ఇక ఏ భయమూ లేదు.

ఉప్పుటేరు_కోడలు | సెప్టెంబరు 16, రాత్రి 9.00

నెల దాటింది. ముక్కలు తీశాను.

డబ్బాలోది పెట్టినప్పటిలాగే ఉంది. ముందు గదిది అంచున పసుపు ఉందా లేదా అన్నట్టుంది, కిటికీ వెలుగులో వంచి చూస్తేనే తెలుస్తోంది. స్టోరు బీరువాలోది, ఇంగువా పేపర్లూ తీసేశాక కూడా, లేత ఇటుకరంగు. అంటే కిటికీయే. అది మూయించేశాను.

అసిటోన్ పని కూడా అయింది. జిగురు పూర్తిగా పోయింది. 1862 మీద చుక్కలు రెండు, ఇప్పుడు స్పష్టంగా ఉన్నాయి. పంది కూడా ఉంది!

పంపుషెడ్డు | సెప్టెంబరు 16, రాత్రి 9.25

నాది చెప్తే నమ్మరు. పాత చెరువు పక్క షెడ్డులో కట్టాను. మొదటి పది రోజులు ఏమీ లేదు. 25న పక్క రైతు పట్టుబడి చేసి నీళ్ళు వదిలాడు, నాలుగో రోజుకి ముక్క బూడిద నీలం, ఇప్పుడు బొగ్గు. దీన్ని చూసి నా చెరువు అడుగు ఎలా ఉందో చెప్పొచ్చా మేస్టారూ?

మాజీ_మేస్టారు | సెప్టెంబరు 17, ఉదయం 5.45

చెప్పలేవు బాబూ. అది గాలి సంగతే చెప్తుంది. నీ నీళ్ళ ఉదజని సూచిక (పీహెచ్) ఎనిమిది దగ్గరుంటే గ్యాసులో ఎక్కువ భాగం నీళ్ళలోనే కరిగి ఉండిపోతుంది, పైకి రాదు. రొయ్యకి ప్రమాదం వచ్చాక కూడా నీ పట్టీ తెల్లగానే ఉండొచ్చు. అడుగు మట్టి తీసి చూసుకోవాల్సిందే.

పాతబిళ్ళ | సెప్టెంబరు 17, ఉదయం 9.10

కోడలుగారూ, పంది ఫోటో ఏదీ?

ఉప్పుటేరు_కోడలు | సెప్టెంబరు 17, మధ్యాహ్నం 2.30

రాత్రికి పెడతానండి. ఇంకో సంగతి. క్యాప్సూళ్ళు వచ్చాయి, అన్నీ సర్దుతుంటే మా అత్తగారు నెమలికంఠం బిళ్ళ ఒకటి చేతిలోకి తీసుకుని, అంచు పట్టుకునే లెండి, చాలాసేపు అటూ ఇటూ తిప్పారు. "ఇది కడగబోకే. దసరాకి అమ్మవారి దగ్గర ఇదే పెడదాం" అన్నారు.

గట్టుమీద | సెప్టెంబరు 17, మధ్యాహ్నం 2.36

విభూది డబ్బా ఎక్కడుందో ముందు చూసుకోండి.